రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్: ముందే కనిపెట్టడం ఎప్పుడు మేలు, ఎప్పుడు అనవసర చికిత్స?

అక్టోబరు నెల వచ్చిందంటే మీ ఫోన్‌కు ఇలాంటి మెసేజ్ ఒకటైనా వచ్చే ఉంటుంది. 35 ఏళ్లు దాటిన మహిళలకు ప్రత్యేక హెల్త్ ప్యాకేజీ అని, మామోగ్రామ్ సగం ధరకే అని, ముందే కనిపెడితే ప్రాణం దక్కుతుందని అందులో ఉంటుంది.

అది చదివిన ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన ఒకటే. ‘పరీక్షే కదా, చేయించుకుంటే పోయేదేముంది?’

బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ మాత్రం పోయేది కూడా ఉందని మహిళలకు రాసి మరీ చెబుతోంది. 50 ఏళ్లు దాటినవారిని మామోగ్రామ్‌కు పిలుస్తూ ఇచ్చే కరపత్రంలో లాభంతో పాటు నష్టాన్ని కూడా అంకెలతో ఇచ్చింది. స్క్రీనింగ్ వల్ల ఒకరి ప్రాణం దక్కితే, ఎప్పటికీ ప్రాణం మీదకు రాని క్యాన్సర్‌కు సుమారు ముగ్గురు చికిత్స చేయించుకుంటున్నారన్నది అందులోని సారాంశం.

ఒక ప్రభుత్వం తన పథకం గురించి తానే ఇలా ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చింది? ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న మీకు, మీ ఇంట్లోవారికి అది ఎంతవరకు వర్తిస్తుంది?

ముందుగా ఒక తేడా తెలియాలి

స్క్రీనింగ్ అంటే ఏ లక్షణమూ లేనివారికి, ఆరోగ్యంగా ఉన్నవారికి చేసే పరీక్ష. గడ్డ తగిలిందనో, చనుమొన నుంచి రక్తం వస్తోందనో డాక్టర్ దగ్గరకు వెళితే చేసేది స్క్రీనింగ్ కాదు. అది రోగ నిర్ధారణ పరీక్ష. మామోగ్రామ్ యంత్రం రెండింటికీ ఒకటే కావచ్చు. కానీ పరీక్ష ఉద్దేశం వేరు, ఫలితానికి అర్థం వేరు.

ఈ కథనంలో చెప్పే నష్టాలన్నీ స్క్రీనింగ్‌కు సంబంధించినవి. మీకు ఇప్పటికే గడ్డ తగులుతూ ఉంటే ఈ చర్చ మీ గురించి కాదు. మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

ఓవర్ డయాగ్నసిస్ అంటే ఏమిటి?

చాలామంది దీన్ని తప్పుడు రిపోర్టు అనుకుంటారు. అది కాదు.

మామోగ్రామ్‌లో అనుమానం వచ్చి, మళ్లీ పిలిచి, స్కానింగ్ చేసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షించి, చివరకు ఏమీ లేదని చెప్పడం ఒకటి. దీన్ని ఫాల్స్ పాజిటివ్ అంటారు. బ్రిటన్‌లో స్క్రీనింగ్‌కు వెళ్లిన ప్రతి 100 మందిలో సుమారు నలుగురిని ఇలా మళ్లీ పిలుస్తారు. ఆ నలుగురిలో ఒకరికి క్యాన్సర్ ఉంటుంది. మిగతా ముగ్గురికి కొన్ని రోజులో వారాలో నిద్ర కరవైనా, అది అక్కడితో ముగుస్తుంది.

ఓవర్ డయాగ్నసిస్ అలా ముగిసేది కాదు. ఇక్కడ రిపోర్టు తప్పు కాదు. మైక్రోస్కోప్ కింద కనిపించినవి నిజంగా క్యాన్సర్ కణాలే. కానీ ఆ మహిళ జీవితకాలంలో అవి పెరిగి గడ్డయ్యేవి కావు, లక్షణాలు చూపించేవి కావు, ప్రాణం తీసేవి అంతకన్నా కావు. పరీక్ష చేయించుకోకపోతే ఆమెకు ఆ సంగతే తెలిసేది కాదు.

క్యాన్సర్లన్నీ ఒకే తీరుగా పెరగవు. కొన్ని వేగంగా పెరుగుతాయి. రెండు స్క్రీనింగ్‌ల మధ్యలోనే బయటపడతాయి. కొన్ని నెమ్మదిగా పెరుగుతాయి. వీటిని ముందే పట్టుకుంటే ఉపయోగం ఉంటుంది. ఇంకొన్ని ఉన్నచోటే ఉండిపోతాయి. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేసే పరీక్షకు వేగంగా పెరిగేవాటి కన్నా, కదలకుండా ఉండేవే ఎక్కువగా దొరుకుతాయి.

ఇది ఊహ కాదు. ఇతర కారణాలతో చనిపోయిన మహిళల మృతదేహాలను పరీక్షించిన 7 అధ్యయనాలను కలిపి 1997లో ఒక సమీక్ష ప్రచురించారు. వాటిలో పాల నాళాలకే పరిమితమైన డీసీఐఎస్ అనే తొలి రూపం మధ్యస్థంగా దాదాపు 9 శాతం మందిలో కనిపించింది. వారెవరికీ బతికి ఉండగా ఆ విషయం తెలియదు.

చిక్కేమిటంటే, కణాలను చూసి ఇది కదిలేది, ఇది కదలనిది అని కచ్చితంగా చెప్పే మార్గం ఇప్పటికీ లేదు. అందుకే దొరికిన ప్రతిదానికీ చికిత్స చేస్తారు. ఆపరేషన్, కొందరికి రొమ్ము మొత్తం తొలగింపు, రేడియేషన్, ఏళ్ల తరబడి హార్మోన్ మాత్రలు. వీటన్నిటినీ అవసరం లేని మనిషి కూడా భరించాల్సి వస్తుంది.

బ్రిటన్ లెక్క: 10,000 మందిలో ఏం జరిగింది?

బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ పథకం 1988లో మొదలైంది. 50 ఏళ్ల నుంచి 71వ పుట్టినరోజు వరకు మహిళలను మూడేళ్లకోసారి ఉచితంగా పిలుస్తారు.

పథకం వల్ల మేలు కన్నా కీడు ఎక్కువ జరుగుతోందని కొందరు వైద్యులు ఏళ్ల పాటు వాదించారు. కరపత్రాల్లో లాభాలు మాత్రమే చెప్పి మహిళలను తప్పుదారి పట్టిస్తున్నారని విమర్శించారు. దీంతో ప్రభుత్వం, క్యాన్సర్ రీసెర్చ్ యూకే కలిసి ప్రొఫెసర్ సర్ మైఖేల్ మార్మట్ నేతృత్వంలో ఒక స్వతంత్ర కమిటీని వేశాయి. 2012లో ఆ కమిటీ నివేదిక వచ్చింది.

50 ఏళ్ల వయసున్న 10,000 మందిని 20 ఏళ్ల పాటు స్క్రీనింగ్‌కు పిలిస్తే ఏమవుతుందో ఆ కమిటీ అంచనా వేసింది.

- 681 మందిలో క్యాన్సర్ బయటపడుతుంది.
- 43 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోకుండా బయటపడతారు.
- 129 మందిది ఓవర్ డయాగ్నసిస్.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 43, 129 తీసేస్తే ఇంకా 500 మందికి పైగా మిగులుతారు. వారికి ఉన్నది అసలు క్యాన్సరే. కానీ స్క్రీనింగ్ వారి విషయంలో చావుబతుకులను మార్చలేదు. కొందరు గడ్డ తగిలాక వచ్చినా చికిత్సతో కోలుకునేవారే. మరికొందరిని ముందే కనిపెట్టినా కాపాడలేకపోయారు.

మొత్తం బ్రిటన్‌కు ఈ లెక్క వర్తింపజేస్తే ఏడాదికి సుమారు 1,300 మరణాలు తప్పుతున్నాయి, దాదాపు 4,000 మందికి అనవసర చికిత్స జరుగుతోంది.

ఈ అంకెలు చూశాక కమిటీ పథకాన్ని ఆపేయమని చెప్పలేదు. మేలు గణనీయంగా ఉంది, కొనసాగించండి అంది. అయితే నష్టం గురించి కూడా మహిళలకు స్పష్టంగా చెప్పి, నిర్ణయం వారికే వదిలేయాలని సూచించింది. తర్వాత 2013లో కరపత్రం మారింది.

అంకెల మీద అందరూ ఏకీభవిస్తారా?

లేదు. ఓవర్ డయాగ్నసిస్ ఉందన్న విషయంపై పెద్దగా వివాదం లేదు. ఎంత ఉందన్నదే గొడవ.

వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2013 సమీక్ష ప్రకారం, 2,000 మందిని 10 ఏళ్ల పాటు స్క్రీనింగ్‌కు పిలిస్తే ఒకరి ప్రాణం నిలుస్తుంది, 10 మంది ఆరోగ్యవంతులకు అనవసర చికిత్స జరుగుతుంది. 200 మందికి పైగా తప్పుడు హెచ్చరికతో ఆందోళన పడతారు.

కెనడాలో దాదాపు 90 వేల మందిపై 1980లో మొదలుపెట్టిన అధ్యయనం 25 ఏళ్ల ఫలితాలు 2014లో వచ్చాయి. మామోగ్రామ్ చేయించుకున్నవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 500. చేయించుకోనివారిలో 505. అంటే తేడా లేదు. ఆ అధ్యయనంలో మహిళలను రెండు వర్గాలుగా విడదీసిన తీరు సరిగా లేదని రేడియాలజీ నిపుణులు తీవ్రంగా తప్పుబట్టారు.

అమెరికాలో 30 ఏళ్ల గణాంకాలను విశ్లేషించిన ఆర్చీ బ్లేయర్, గిల్బర్ట్ వెల్చ్ 2012లో మరో కోణం చూపించారు. స్క్రీనింగ్ నిజంగా పనిచేస్తే, తొలిదశ కేసులు ఎంత పెరిగితే ముదిరిన కేసులు దాదాపు అంత తగ్గాలి. కానీ లక్ష మందికి తొలిదశ కేసులు 112 నుంచి 234కు పెరిగితే, ముదిరిన దశ కేసులు 102 నుంచి 94కు మాత్రమే తగ్గాయి. దీన్ని బట్టి కొత్త కేసుల్లో 31 శాతం ఓవర్ డయాగ్నసిస్ అని వారు అంచనా కట్టారు. 2022లో అమెరికాలోనే వచ్చిన మరో అధ్యయనం, రెండేళ్లకోసారి చేసే స్క్రీనింగ్‌లో దొరికే క్యాన్సర్లలో అది దాదాపు 15 శాతమే అంది.

ఇంత తేడాకు కారణం ఉంది. ఓవర్ డయాగ్నసిస్ అయిన మనిషిని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. స్క్రీనింగ్ ఉన్న జనాభాలో, లేని జనాభాలో మొత్తం కేసులు ఎన్ని అని పోల్చి, ఎన్నేళ్లు గమనించాలి, ఎవరితో పోల్చాలి అనే ఊహల మీద లెక్క వేయాల్సిందే. ఊహ మారితే అంకె మారుతుంది.

మరణాలు తగ్గాయన్న లెక్క మీదా ఒక ప్రశ్న ఉంది. మార్మట్ కమిటీ ఆధారపడిన పరిశోధనలు చాలావరకు కొన్ని దశాబ్దాల కిందటివి. అప్పటితో పోలిస్తే ఇప్పుడు మందులు ఎంతో మెరుగుపడ్డాయి. గడ్డ తగిలాక వచ్చినా కోలుకునేవారు పెరిగేకొద్దీ, ముందే కనిపెట్టడం వల్ల అదనంగా కలిగే లాభం తగ్గుతుంది.

‘ముందే కనిపెట్టారు కాబట్టే బతికింది’ అనొచ్చా?

మనకు తెలిసినవారిలో ఇలాంటి కథ ఒకటైనా ఉంటుంది. అది నిజమై ఉండొచ్చు. కానీ ఒక్కరి కథను బట్టి చెప్పలేం.

ఒక ఉదాహరణ చూడండి. ఒక మహిళకు 57 ఏళ్లప్పుడు గడ్డ తగిలి క్యాన్సర్ అని తెలిసింది. 60 ఏళ్లకు చనిపోయారు. అంటే తెలిశాక మూడేళ్లు బతికారు. అదే మహిళకు 52 ఏళ్లకే మామోగ్రామ్‌లో తెలిసిందనుకోండి. అయినా 60 ఏళ్లకే చనిపోయారనుకోండి. ఇప్పుడు తెలిశాక ఎనిమిదేళ్లు బతికినట్టు లెక్క. ఐదేళ్లు బతికినవారి జాబితాలో ఆమె పేరు చేరుతుంది. ఆయుష్షు మాత్రం ఒక్క రోజు కూడా పెరగలేదు. రోగి అన్న ముద్రతో గడిపిన కాలమే పెరిగింది.

దీనికి ఓవర్ డయాగ్నసిస్ తోడైతే లెక్క ఇంకా మారిపోతుంది. ఎలాగూ చనిపోనివారు ఆ జాబితాలో చేరేసరికి, ఐదేళ్లు బతికినవారి శాతం గొప్పగా కనిపిస్తుంది. అందుకే ప్రకటనల్లో కనిపించే ‘95 శాతం, 99 శాతం బతుకుతారు’ లాంటి మాటలు స్క్రీనింగ్ గొప్పతనానికి రుజువు కావు. జనాభాలో మరణాలు తగ్గాయా అన్నదే చూడాలి.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. అనవసరంగా చికిత్స పొందిన మహిళ కూడా, తనను స్క్రీనింగే కాపాడిందని మనస్ఫూర్తిగా నమ్ముతుంది. పది మందికి చెబుతుంది. నష్టపోయినవారే నష్టం జరిగిందని తెలుసుకోలేని పరిస్థితి కాబట్టి ఫిర్యాదు రాదు.

డీసీఐఎస్ అని వస్తే రొమ్ము తీసేయాల్సిందేనా?

బ్రిటన్‌లో స్క్రీనింగ్‌లో దొరికే ప్రతి ఐదు కేసుల్లో దాదాపు ఒకటి డీసీఐఎస్. అసాధారణ కణాలు పాల నాళాల లోపలే ఉంటాయి, చుట్టూ ఉన్న కండలోకి పాకవు. చేతికి తగలవు కాబట్టి ఎక్కువగా మామోగ్రామ్‌లోనే బయటపడతాయి. వీటిలో కొన్ని తర్వాత అసలు క్యాన్సర్‌గా మారతాయి. చాలా వరకు మారకపోవచ్చు.

ఇన్నాళ్లూ దాదాపు అందరికీ ఆపరేషన్ చేస్తూ వచ్చారు. ముప్పు తక్కువగా ఉన్న డీసీఐఎస్‌కు ఆపరేషన్ వెంటనే చేయకుండా, క్రమం తప్పక పరీక్షలు చేస్తూ గమనిస్తే ఏమవుతుందని అమెరికాలో ‘కామెట్’ అనే పరిశోధన చేశారు. 957 మంది ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. రెండేళ్లలో అసలు క్యాన్సర్ బయటపడింది గమనింపులో ఉన్నవారిలో 4.2 శాతం మందికి, మామూలు చికిత్స తీసుకున్నవారిలో 5.9 శాతం మందికి. అంటే ఆగి గమనించడం వల్ల ముప్పు పెరగలేదు.

రెండేళ్లు చిన్న గడువు. ఇంకా చాలా ఏళ్లు చూడాలి. అన్ని రకాల డీసీఐఎస్‌కూ ఇది వర్తించదు. అయినా, డీసీఐఎస్ అని రిపోర్టులో వస్తే రేపే ఆపరేషన్ బల్ల ఎక్కాల్సినంత తొందర ఉండదని, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే సమయం ఉంటుందని మీరు గుర్తుంచుకోవచ్చు.

మరి మన దగ్గర?

ఇక్కడ కథ తిరగబడుతుంది. బ్రిటన్ సమస్య అవసరానికి మించి కనిపెట్టడం. మన సమస్య ఆలస్యంగా కనిపెట్టడం.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం భారత్‌లో ఆ ఏడాది సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. కొత్త కేసులు రెండుంటే మరణం ఒకటి. బ్రిటన్‌లో కొత్త కేసులు ఐదుంటే మరణం ఒకటి. అక్కడి కేసుల్లో ఓవర్ డయాగ్నసిస్ కలిసి ఉందని తీసివేసి చూసినా ఈ తేడా పెద్దదే. మన దగ్గర చాలామంది గడ్డ ముదిరాక ఆస్పత్రికి రావడం దీనికి ముఖ్య కారణం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామని చెప్పినవారు దేశవ్యాప్తంగా 0.9 శాతమే.

ప్రభుత్వ పథకంలో అందరికీ మామోగ్రామ్ లేదు. 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తపు మరకలు వస్తున్నాయా, ఆకారం మారిందా అనే ప్రశ్నలు ఉంటాయి. తెలంగాణలో 2023 మార్చి 8న ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్‌ల సేవల్లోనూ క్యాన్సర్ స్క్రీనింగ్‌ను చేర్చారు.

‘డబ్బులు లేక చేత్తో సరిపెడుతున్నారా?’ అని మీకు అనిపించవచ్చు. ఖర్చు ఒక కారణమే. కానీ ఈ పద్ధతికి మన దేశంలోనే ఆధారం ఉంది.

ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ 1998లో మురికివాడల్లోని 35 నుంచి 64 ఏళ్ల 1.5 లక్షల మందికి పైగా మహిళలతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సగం ప్రాంతాల్లో శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి నాలుగు విడతలు చేతితో పరీక్ష చేశారు. 20 ఏళ్లు గమనించాక 2021లో ఫలితాలు ప్రచురించారు.

పరీక్షలు చేసిన ప్రాంతాల్లో ముదిరిన దశలో దొరికినవి 37 శాతం. చేయని ప్రాంతాల్లో 47 శాతం. 50 ఏళ్లు, అంతకు మించిన వయసున్న మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అన్ని వయసులూ కలిపితే 15 శాతం తగ్గుదల కనిపించినా, అది గణాంకపరంగా కచ్చితమని చెప్పలేనిది.

చేతికి తగిలేంత పెరిగిన గడ్డనే చెయ్యి పట్టుకుంటుంది. ఉన్నచోటే ఉండిపోయే సూక్ష్మమైన మచ్చలు దానికి దొరకవు. ఇది ఈ పద్ధతి బలహీనత. ఓవర్ డయాగ్నసిస్ విషయానికి వచ్చేసరికి అదే మేలు.

కాబట్టి మన ప్రభుత్వాలను మనం అడగాల్సింది ప్రతి మండలానికీ మామోగ్రామ్ యంత్రం కాదు. ఏఎన్ఎం నిజంగా చేతితో పరీక్ష చేస్తున్నారా, లేక ఫారంలో టిక్కు పెట్టి వెళ్తున్నారా? చేయడానికి ఆరోగ్య కేంద్రంలో చాటున్న గది ఉందా? గడ్డ ఉందని తేలాక ఎన్ని రోజుల్లో బయాప్సీ అవుతోంది? తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. ఆ చికిత్స దాకా చేరే దారిలోనే మనవాళ్లు ఆగిపోతున్నారు.

మీరు ఏం చేయాలి?

*గడ్డ, చర్మం సొట్టబోవడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం రావడం, చంకలో బిళ్ల ఉంటే:* వయసు ఎంతైనా, నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయినా తేల్చుకోవాల్సిందే. పండగ అయ్యాక, పరీక్షలు అయ్యాక, పెళ్లి అయ్యాక అని వాయిదా వేయకండి.

*తల్లికో, అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే:* పైన చెప్పిన సగటు లెక్కలు మీకు వర్తించవు. ఏ పరీక్ష, ఏ వయసు నుంచి అన్నది క్యాన్సర్ నిపుణులతో మాట్లాడి నిర్ణయించుకోండి.

*ఏ లక్షణమూ లేదు, వయసు 40 లోపు, ప్యాకేజీ మెసేజ్ వచ్చింది అంటే:* ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో స్పష్టత తక్కువ. ముప్పు సాధారణంగా ఉన్న మహిళలకు ఈ వయసులో మామోగ్రామ్ చేయాలని బ్రిటన్, అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. సగం ధర అన్నది పరీక్ష చేయించుకోవడానికి కారణం కాదు.

*40 నుంచి 50 మధ్య ఉంటే:* నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని నిపుణుల కార్యదళం 2009లో 50 ఏళ్ల నుంచి క్రమం తప్పక చేయించుకోమంది. 2024లో దాన్ని మార్చి 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి అంది. బ్రిటన్ ఇప్పటికీ 50 నుంచే పిలుస్తోంది. అందుకే డల్లాస్‌లో ఉన్న మీ అక్కకు, లండన్‌లో ఉన్న మీ చెల్లికి డాక్టర్లు వేర్వేరుగా చెబితే ఆశ్చర్యపోకండి.

*50 దాటితే:* లాభం ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే. చేయించుకోవడం సబబైన నిర్ణయం. లాభనష్టాలు తెలుసుకున్నాక వద్దనుకోవడం కూడా సబబే.

డాక్టర్‌ను ఈ ప్రశ్నలు అడగండి

- ఇది స్క్రీనింగా, లేక నా లక్షణం కోసం చేస్తున్న పరీక్షా?
- నా వయసువారిలో వెయ్యి మంది చేయించుకుంటే ఎందరికి మేలు, ఎందరికి అనవసర చికిత్స?
- అనుమానం వస్తే తర్వాత చేసే పరీక్షలు ఏమిటి? ఎక్కడ, ఎంత ఖర్చు?
- రిపోర్టులో వచ్చింది డీసీఐఎస్సా, పాకిన క్యాన్సరా? ఏ గ్రేడ్?
- వెంటనే ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? రెండో అభిప్రాయానికి ఎంత సమయం ఉంది?

ఈ ప్రశ్నలకు చిరాకు పడకుండా జవాబు చెప్పే చోటే పరీక్ష చేయించుకోండి. జవాబు మీ చేతికి వచ్చాక ‘సరే’ అన్నా, ‘వద్దు’ అన్నా ఆ నిర్ణయం మీదే. గడ్డ తగిలినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ వేయకుండా, ఈ వారంలోనే ఆస్పత్రికి వెళ్లండి.